తరిమెల నాగిరెడ్డి శాసనసభ జీవితం: 1969 నాటి రాజీనామాను ఎలా రాయాలి?

పెన్నా అహోబిలం:

మిత్రులందరికీ నమస్కారం. మా కాలనీ తెలుగు సంఘం ఈసారి ఉగాది సంచికలో తరిమెల నాగిరెడ్డి గారి రాజకీయ జీవితం మీద రెండు పుటల వ్యాసం వేయాలని నిర్ణయించింది. ఉత్తర బెంగళూరులోని మా పేటలో ఏ తలుపు తట్టినా అనంతపురం యాసే వినిపిస్తుంది కాబట్టి, ఆ జిల్లావాడిననే ఒకే ఒక్క అర్హతతో ఆ పని నా నెత్తిన పెట్టారు.

చాలా భాగం రాయడం కష్టం కాలేదు. 1917 ఫిబ్రవరి 11న తరిమెలలో కలిగిన భూస్వామి కుటుంబంలో పుట్టడం, రిషివ్యాలీలోనూ మద్రాసు లయోలా కళాశాలలోనూ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ చదవడం, కమ్యూనిస్టు ఉద్యమంలోకి రావడం, తన వాటా భూమిని వదులుకోవడం మా జిల్లాలో పెద్దవాళ్ళందరికీ తెలిసిన సంగతులే. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో అనంతపురం నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ ఎన్నికలో ఆయన చేతిలో ఓడినది స్వయానా బావ అయిన నీలం సంజీవరెడ్డి గారు. ఆ తర్వాత 1957లో అనంతపురం నుంచి లోక్‌సభకు, 1962లో పుట్లూరు నుంచి, 1967లో తిరిగి అనంతపురం నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు వెళ్ళారు. (పుట్లూరు నియోజకవర్గం ఇప్పుడు లేదు. ఆ మండలమూ, తరిమెల గ్రామమూ రెండూ నేడు శింగనమల నియోజకవర్గంలో ఉన్నాయి.)

నా కలం ఆగిపోయింది 1969 మార్చి దగ్గర. ఈ సభ ద్వారా పేదవాడికి భూమి గానీ అధికారం గానీ దక్కవని తేల్చి చెప్పి, పదవీకాలం ఇంకా మూడేళ్ళు ఉండగానే ఆయన శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. దీన్ని త్యాగమని రాస్తే పొగడ్త అవుతుంది, ఓటర్లను వదిలేసి వెళ్ళడమని రాస్తే సంఘంలో సగంమంది నాతో మాట్లాడరు. ఒక శాసనసభ్యుడి జీవితాన్ని తూచేటప్పుడు ఆయన సభను వదిలిన రోజును ఏ వైపు తక్కెడలో వేయాలో మీ అభిప్రాయం చెప్పగలరు.

హెచ్చెస్సార్ లేఅవుట్:

నేను పుట్టింది ప్రొద్దుటూరులోనే అయినా పెరిగిందంతా ఇక్కడే కాబట్టి, రాజీనామా అనే మాట వినగానే నాకు గుర్తొచ్చేది 2019 జులై నెల. కర్ణాటకలో కుమారస్వామి గారి సంకీర్ణ ప్రభుత్వంలోని శాసనసభ్యులు ఒకరి తర్వాత ఒకరు రాజీనామా పత్రాలిచ్చి ముంబయి హోటల్లో దిగితే, మా ఆఫీసులో పని మానేసి అందరం టీవీ ముందు కూర్చున్నాం. జులై 23న 99కి 105 ఓట్లతో ప్రభుత్వం పడిపోయింది. కొద్ది నెలల్లోనే వాళ్ళలో ఎక్కువమంది వేరే పార్టీ గుర్తు మీద నిలబడి గెలిచారు, పలువురు మంత్రులయ్యారు.

నా సందేహం అమాయకంగా అనిపించవచ్చు గానీ అడుగుతున్నాను. ఓటరు వైపు నుంచి చూస్తే ఈ రెండింటికీ తేడా ఏమిటి? అయిదేళ్ళకని ఎన్నుకున్న మనిషి మధ్యలోనే కుర్చీ దిగిపోయాడు. కారణం గొప్పదైనా అల్పమైనా, అనంతపురం పట్టణంలో కుళాయి రాని వీధివాడు మర్నాడు ఎవరి ఇంటికి వెళ్ళాలి?

వకీలు, మల్లేశ్వరం:

తేడా ఉంది, అది చట్టంలోనే కనిపిస్తుంది. రాజ్యాంగం 190వ అధికరణం మూడో క్లాజు తొలి రూపంలో, సభ్యుడు తన సంతకంతో స్పీకరుకు రాజీనామా పత్రం ఇస్తే చాలు, ఆ క్షణమే స్థానం ఖాళీ అయిపోయేది. 1969లో నాగిరెడ్డి గారు రాజీనామా చేసింది ఆ నిబంధన కిందే. ఆ పత్రాన్ని స్పీకరు ఆమోదించడమనే ఘట్టం అప్పట్లో లేదు. 1974లో గుజరాత్ ఉద్యమంలో సభ్యుల ఇళ్ళ మీదికి వెళ్ళి బలవంతంగా రాజీనామాలు రాయించిన తర్వాత, 33వ రాజ్యాంగ సవరణ ద్వారా పార్లమెంటు ఈ క్లాజును మార్చింది. అప్పటినుంచి రాజీనామా స్వచ్ఛందమైనదో కాదో, నిజమైనదో కాదో స్పీకరు విచారించుకుని ఆమోదించాలి. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిషేధం, వచ్చి చేరింది.

2019లో మన విధానసౌధలో జరిగిన గొడవంతా ఈ రెండు సవరణల నడుమ ఇరుకు సందులో జరిగింది. రాజీనామా ముందా, అనర్హత ముందా అన్నదే అక్కడి ప్రశ్న. అప్పటి స్పీకరు రమేశ్ కుమార్ గారు మొత్తం 17 మందిని సభాకాలం ముగిసే 2023 దాకా అనర్హులుగా ప్రకటించారు. 2019 నవంబరు 13న సుప్రీంకోర్టు అనర్హతను సమర్థించి, గడువు విధించే అధికారం మాత్రం స్పీకరుకు లేదని కొట్టివేసింది. అందువల్లే వాళ్ళు డిసెంబరు 5 నాటి ఉప ఎన్నికల్లో పోటీ చేయగలిగారు.

ఇక తేడా సంగతి. ఆ సభ్యులు అదే సభలోకి ఇంకో తలుపు గుండా తిరిగి రావడానికి రాజీనామా చేశారు. నాగిరెడ్డి గారు మళ్ళీ ఏ ఎన్నికలోనూ నిలబడకూడదని చేశారు. రెండింటికీ రాసే పత్రం ఒకే నమూనాలో ఉండటం వల్ల రెండూ ఒకటైపోవు. అయితే ఓటరు గురించి మీరడిగిన ప్రశ్నకు నా దగ్గర చట్టపరమైన జవాబు లేదు. ప్రతినిధిని వెనక్కి పిలిచే హక్కు ఓటరుకు లేనట్టే, ప్రతినిధిని అయిదేళ్ళూ అక్కడే కట్టేసి ఉంచే హక్కూ లేదు.

రాజనీతి టీచరమ్మ:

వకీలు గారు పత్రం గురించి చెప్పారు. ఆ పత్రం రాయడానికి ముందు ఆయన కూర్చున్న బెంచీ ఎలా ఉండేదో కూడా చూడాలి, ఎందుకంటే ఆయనది క్షణికావేశంలో తీసుకున్న నిర్ణయం కాదు. నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెప్పాను. ప్రతిపక్ష సభ్యుడికి ఏమేం ఆయుధాలుంటాయో పిల్లల చేత వల్లె వేయించేదాన్ని: ప్రశ్నోత్తరాల సమయం, వాయిదా తీర్మానం, పద్దుల మీద కోత తీర్మానం, అవిశ్వాస తీర్మానం. వీటన్నింటికీ సభలో సంఖ్య అనే బరువు ఉంటేనే పదును.

1952 మద్రాసు సభలో 375 స్థానాలుంటే కాంగ్రెసుకు వచ్చినవి 152, కమ్యూనిస్టులకు 62. నిలకడైన మెజారిటీ ఎవరికీ లేదు, రాజాజీ ప్రభుత్వం ప్రతి పద్దుకూ తలలు లెక్కపెట్టుకోవలసి వచ్చేది. అలాంటి సభలో ఒక యువ సభ్యుడు తన మాటకు విలువ ఉందని నమ్మడం సహజం. 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు దాదాపు మూడోవంతు ఓట్లు పడ్డాయి, 196 స్థానాల్లో దక్కినవి మాత్రం 15. 1964లో పార్టీ సిపిఐ, సిపిఎంలుగా చీలింది. 1967లో నాగిరెడ్డి గారు సిపిఎం తరఫున వచ్చేసరికి 287 మంది సభలో ఆ పార్టీ సభ్యులు తొమ్మండుగురు. పదిహేనేళ్ళలో 62 కాస్తా 9 అయితే, ఉపన్యాసం ఎంత గొప్పగా ఉన్నా ప్రభుత్వానికి దాని వల్ల నిద్ర చెడదు.

భూమి సంగతి ఇంకా ముఖ్యం. 1961లో ఆంధ్రప్రదేశ్ చేసిన భూపరిమితి చట్టం ప్రకారం, నేల రకాన్ని బట్టి గరిష్ఠ పరిమితి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉండేది. మెట్ట నేలలకు మూడు వందల ఎకరాలు దాటిన పరిమితి పెడితే అనంతపురం వంటి కరువు జిల్లాలో మిగులు భూమి ఎక్కడినుంచి వస్తుంది? తన వాటా భూమిని తానే వదులుకున్న మనిషికి ఆ అంకె ఎలా కనిపించి ఉంటుందో ఊహించడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. నా దృష్టిలో ఆయన రాజీనామాకు బీజం 1969లో కాదు, ఆ 324లో ఉంది.

బాగేపల్లి వాసి:

మేడమ్ గారి మాట మీద గౌరవం ఉంది గానీ నేను ఒప్పుకోలేకపోతున్నాను. మాది కర్ణాటకలో ఉన్న తెలుగు తాలూకా. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. మా బాగేపల్లి నుంచి జి.వి. శ్రీరామరెడ్డి గారు 1994లోనూ 2004లోనూ సిపిఎం అభ్యర్థిగా గెలిచారు. 2004లో మొత్తం కర్ణాటక సభలో ఆ పార్టీకి ఆయన ఒక్కరే సభ్యుడు. తొమ్మండుగురు తక్కువని మీరంటున్నారు, మాకు ఒక్కరే ఉండేవారు. ఆ ఒక్కరూ విధానసౌధలో లేచి నిలబడితే నీళ్ళు లేని తాలూకా పేరు కనీసం రికార్డుకెక్కేది. 2022 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు పార్టీతో సంబంధం లేనివాళ్ళు కూడా వచ్చారు.

పుచ్చలపల్లి సుందరయ్య గారిని చూడండి. సాయుధ పోరాటం నడిపిన మనిషి 1955లో, 1962లో గన్నవరం నుంచి శాసనసభకు వెళ్ళారు. పార్టీ ప్రధాన కార్యదర్శి పదవిని వదులుకున్న తర్వాత కూడా 1978లో అదే గన్నవరం నుంచి మళ్ళీ సభకు వచ్చారు. సభ అంటే భ్రమలు ఆయనకూ లేవు. భ్రమలు లేకపోవడం సభను వదిలేయడానికి కారణం కానక్కర్లేదు. పనికిరాదని తెలిసిన బావిలోంచి కూడా వేసవిలో రెండు బిందెలు తోడుకునేవాళ్ళం మేము.

నిర్వాహకులు:

చర్చ బాగా సాగుతోంది. 2019 విషయంలో వ్యక్తుల పేర్లతో నిందలు రాసిన రెండు జవాబులను తొలగించాము. ప్రస్తుత పార్టీల మంచిచెడ్డలకు వేరే చోటుంది, ఇక్కడ నాగిరెడ్డి గారి శాసనసభ జీవితానికే పరిమితం కావలసిందిగా మనవి.

నల్లమల నీడ:

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను గానీ, వ్యాసం అచ్చుకు వెళ్తుంది కాబట్టి ఒక పొరపాటు దొర్లకుండా చెప్పాలి. మనవాళ్ళు చాలామంది నాగిరెడ్డి గారిని, శ్రీకాకుళ గిరిజన సాయుధ పోరాటాన్ని, నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్‌ను ఒకే గాటన కట్టేస్తారు. అది నిజం కాదు. 1968లో బర్ద్వాన్‌లో జరిగిన సిపిఎం ప్రత్యేక సమావేశం (ప్లీనం) తర్వాత దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య గార్లతో కలిసి ఆయన సిపిఎం నుంచి బయటికి వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో విప్లవకారుల సమన్వయ సంఘంగా ఏర్పడ్డారు. అఖిల భారత సమన్వయ సంఘం 1969 ఫిబ్రవరిలోనే వీరితో తెగతెంపులు చేసుకుంది. ఆ ఏప్రిల్‌లో చారు మజుందార్ నాయకత్వాన సిపిఐ ఎంఎల్ (మార్క్సిస్టు-లెనినిస్టు) పార్టీ ఏర్పడినప్పుడు వీరు అందులో లేరు. ప్రజల కదలిక లేకుండా విడివిడిగా వర్గశత్రువులను చంపడమనే పంథాను నాగిరెడ్డి గారు అంగీకరించలేదు.

అంటే 1969 మార్చిలో శాసనసభను వదిలే నాటికి పాత పార్టీ ఆయనకు లేదు, కొత్తగా పుడుతున్న పార్టీ ఆయనను వద్దనుకుంది. సురక్షితమైన గూడు చూసుకుని కొమ్మ మారిన పక్షి కాదు ఆయన. హెచ్చెస్సార్ లేఅవుట్ గారి పోలికకు ఇది కూడా ఒక జవాబు అనుకుంటున్నాను.

వకీలు, మల్లేశ్వరం:

బాగేపల్లి వాసి గారి బావి మాట నన్ను రెండు రోజులు వెంటాడింది. దానికి జవాబుగా ఒక చట్టం గురించి చెబుతాను. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమి చేతులు మారకుండా ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి నిబంధన ఒకటి ఉంది. అది ఏళ్ళ తరబడి కాగితం మీదే మూలిగింది. శ్రీకాకుళం కొండలు అంటుకున్నాక 1970లో ఒకటో నంబరు నిబంధన పేరుతో దాన్ని కఠినంగా సవరించారు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా ఆ బదిలీ చెల్లదని తేల్చింది ఆ సవరణే. 1997లో సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఏజెన్సీలో గనుల లీజులను ఆపడానికి నిలబడిన పునాది కూడా అదే. సభ లోపల ఎన్ని కోత తీర్మానాలు పెట్టినా కదలని ప్రభుత్వం, సభ బయట నిప్పు రాజుకున్నాక ఏడాదిలో కదిలింది. 1973 భూపరిమితి చట్టం కూడా అలాంటిదే. 324గా ఉన్న గరిష్ఠ పరిమితి మెట్టకు 54 ఎకరాలకు దిగింది. నాగిరెడ్డి గారు ఆ సభలో లేనప్పుడే ఇవి రెండూ జరిగాయి.

బాగేపల్లి వాసి:

వకీలు గారూ, మీరు చెప్పిన రెండింటిలో ఒకటి నా వాదనకే పనికొస్తుంది. 1973 చట్టం ఆకాశం నుంచి ఊడిపడలేదు, శాసనసభలో చేతులెత్తితేనే చట్టమైంది. బయట ఎంత నిప్పు ఉన్నా, లోపల దాన్ని అక్షరాల్లోకి మార్చే మనిషి ఒకడు కావాలి. కుటుంబాల మధ్య దొంగ పంపకాలు చేసి ఆ చట్టాన్ని ఎలా చిల్లులు పొడిచారో మనందరికీ తెలుసు. ఆ చిల్లులు ఎక్కడ పడబోతున్నాయో భూస్వామి ఇంట పుట్టిన నాగిరెడ్డి గారి కంటే బాగా చూపగలవారు సభలో ఎవరుండేవారు? నా బాధ అదీ.

వకీలు, మల్లేశ్వరం:

ఒప్పుకుంటున్నాను. అయితే మొదటిదాని విషయంలో ఒక మెలిక ఉంది, నేను ముందే చెప్పవలసింది. 1970 నిబంధన శాసనసభ చేసిన చట్టం కాదు. రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద షెడ్యూల్డు ప్రాంతాలకు నిబంధనలు చేసే అధికారం గవర్నరుది. కాబట్టి గిరిజనుల భూమికి దక్కిన అతి గట్టి రక్షణ శాసనసభ గడప తొక్కకుండానే వచ్చింది. అది ఎవరి వాదనకు బలమో మీరే చెప్పండి.

రాజనీతి టీచరమ్మ:

ఇద్దరి వాదనలూ వింటుంటే నాకు సంజీవరెడ్డి గారు గుర్తొచ్చారు. పెన్నా అహోబిలం గారు 1952 పోటీతో ఆయనను వదిలేశారు గానీ, ఈ బావాబావమరుదుల కథ రాజీనామాల కథ కూడా. బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల తర్వాత సంజీవరెడ్డి గారు 1964లో ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. 1967లో లోక్‌సభ స్పీకరు కాగానే, ఆ కుర్చీలో కూర్చున్నవాడికి పార్టీ ఉండకూడదని కాంగ్రెసు సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. అంటే హైదరాబాదులో బావమరిది సభను వదిలిన రోజున ఢిల్లీలో బావ సభ మర్యాదను కాపాడే కుర్చీలో ఉన్నారు. అయిదు నెలలు తిరగకుండా రాష్ట్రపతి ఎన్నిక కోసం ఆయన కూడా ఆ కుర్చీ దిగారు, వి.వి. గిరి గారి చేతిలో ఓడి కొన్నేళ్ళు అనంతపురంలో సేద్యం చేసుకున్నారు.

ఒకే జిల్లా, ఒకే బంధువర్గం, ఒకే సంవత్సరం. ఒకరు సభను నమ్మి దాని నియమం కోసం పార్టీని వదిలారు, మరొకరు నమ్మకం పోయి సభనే వదిలారు. వ్యాసంలో వీరిద్దరినీ పక్కపక్కన నిలబెడితే పొగడాల్సిన, తెగడాల్సిన పని మీకు తప్పుతుందేమో.

హెచ్చెస్సార్ లేఅవుట్:

నేను వేసిన ప్రశ్న వల్ల చర్చ ఇంత దూరం వచ్చినందుకు సంతోషం. ఈ వారం కొంత చదివాను. 1969 డిసెంబరులో మద్రాసులో ఆయనను అరెస్టు చేశారట, ఆ తర్వాత హైదరాబాదు కుట్ర కేసు నడిచింది. ఆ కేసులో కోర్టుకు ఆయన ఇచ్చిన వాంగ్మూలమే తర్వాత ‘తాకట్టులో భారతదేశం’ అనే పుస్తకమైంది. విదేశీ పెట్టుబడి, అప్పులు, వ్యవసాయం, భూమి, అన్నీ లెక్కలతో సహా ఉన్నాయి. చదువుతుంటే నాకు అది కోర్టులో చెప్పిన మాటలా అనిపించలేదు. బడ్జెట్ మీద ప్రతిపక్ష సభ్యుడు చేసే ప్రసంగంలా ఉంది, కాకపోతే గంట కొట్టి కూర్చోమనే స్పీకరు లేడు. సభను వదిలిన మనిషి సభా పద్ధతిని వదల్లేదేమో అనిపించింది. కుళాయి నీళ్ళ మాట మాత్రం నేను వెనక్కి తీసుకోవడం లేదు.

పెన్నా అహోబిలం:

అందరికీ కృతజ్ఞతలు. నల్లమల నీడ గారి సవరణ చూశాక నా చిత్తుప్రతిలో శ్రీకాకుళం ప్రస్తావన ఉన్న పేరా మొత్తం కొట్టేశాను. బాగేపల్లి వాసి గారి అభ్యంతరాన్ని ఆయన మాటల్లోనే, బావితో సహా, వ్యాసంలో పెడుతున్నాను. అభ్యంతరం ఉంటే చెప్పండి.

పుట్టుక నుంచి మొదలుపెట్టే పద్ధతి మానేశాను. వ్యాసం ఇప్పుడు 1969 మార్చిలో మొదలై, అక్కడి నుంచి వెనక్కి 324 ఎకరాల దాకా, ఇంకా వెనక్కి 1952 పోటీ దాకా వెళ్తుంది. ముందుకు మాత్రం కొద్దిగానే: 1975లో దేవులపల్లి గారితో కలిసి కొత్త పార్టీ, అత్యవసర పరిస్థితిలో అజ్ఞాతం, 1976 జులై 28న హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో మారుపేరుతో మరణం. నాలుగుసార్లు ఎన్నికల్లో గెలిచిన పేరు ఆసుపత్రి చీటీ మీద లేదు. ఆ తర్వాత ఏడాదికి మూడు రోజులు తక్కువగా, 1977 జులై 25న సంజీవరెడ్డి గారు రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు.

రెండు పుటలు చాలడం లేదు. మూడో పుట కోసం సంపాదకుణ్ణి బతిమాలుతున్నాను, ఆయన వంకాయ బజ్జీ వంటకం ఒకటి తీసేస్తే చోటు దొరుకుతుందంటున్నారు గానీ, ఆ వంటకం రాసింది వారి ఇల్లాలు.